శ్రుతికి చప్పట్లు

మొన్న ఆదివారం శాన్‌ఫ్రాన్సిస్కోలో నా పరువు పోయింది. కారణం మా బావ. ఫ్రీ అంటే చాలు, ఏ జాతరకైనా బయల్దేరతాడు. గోల్డెన్ గేట్ పార్కులో అక్టోబరులో మూడు రోజులు జరిగే పాటల పండగ హార్డ్‌లీ స్ట్రిక్ట్‌లీ బ్లూగ్రాస్‌కి టికెట్ లేదు. వారెన్ హెల్మన్ అనే డబ్బున్న బాంజో పిచ్చాయన 2001లో సొంత ఖర్చుతో మొదలుపెట్టాడు, ఆయన 2011లో పోయినా ఇప్పటికీ ఫ్రీయే. పార్కింగ్ కథ వద్దులెండి. దుప్పటి పరిచీ పరచగానే బావ "టాకోలు తెస్తా" అని మాయం.

స్టేజి మీద ఒకాయన బల్ల లాంటి వాద్యం ముందు కూర్చుని ఇనప కడ్డీ అటూ ఇటూ జరుపుతున్నాడు, పెడల్ స్టీల్ అట. పక్కన బాంజో ఆవిడ. బాంజోకి ఐదో తీగ పొట్టిది, దాని బిరడా మెడ మధ్యలో ఉంటుంది. ఆవిడ దాన్ని తిప్పడం, మీటడం, మళ్ళీ తిప్పడం. చిన్నప్పటి నుంచీ త్యాగరాజ ఆరాధనల్లో ముందు వరసలో కూర్చున్నవాణ్ణి కదా, ఆలాపన అనుకున్నా. కళ్ళు మూసుకున్నా, తల ఊపా, తొడ మీద తాళం కూడా వేశా. తాళం ఎంతకీ కుదరలేదు, పెద్ద విద్వాంసుల లెక్కలు మనకెక్కడ అందుతాయిలే అని సర్దుకున్నా. ఆవిడ ఆపగానే లేచి నిలబడి చప్పట్లు. ఒక "శభాష్" కూడా.

పార్కు మొత్తానికి ఆ చప్పుడు నాదొక్కడిదే. వెనక టోపీ పెట్టుకున్న పెద్దావిడ "ఇంకా మొదలవలేదు నాయనా" అంది, అదీ ఎంతో జాలిగా. బాంజో ఆవిడ నాకేసి వంగి దణ్ణం పెట్టింది. అప్పుడు కొట్టారండీ జనం చప్పట్లు!

1971లో న్యూయార్కులో, బంగ్లాదేశ్ కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ గారు సితారు శ్రుతి చేసుకుంటుంటే జనం ఇలాగే కొట్టారు. ఆ బాకీ తీర్చానని సర్దిచెప్పుకుందామన్నా, వాళ్ళు వేలమంది, నేనొక్కణ్ణి.

పాట మొదలయ్యాక నిజంగా బాగుంది. ఆ కడ్డీ తీగల మీద జారుతుంటే అచ్చం మన గమకమే. కానీ పాట అయ్యాక కూడా పక్కవాళ్ళు మొదలుపెట్టేదాకా చేతులు కట్టుకునే కూర్చున్నా.

బావ గంట తర్వాత వచ్చాడు, వట్టి చేతులతో. లైను పెద్దదట. లైన్లో నిలబడే నా వీడియో తీసి ఇంటి గ్రూపులో పెట్టేశాడు. తెల్లారేసరికి తెనాలి నుంచి అమ్మ మెసేజీ: "ఒరే, నీ సంగతి సరే, వెనకాల ఇస్త్రీ చేస్తున్నాయన ఎవర్రా?"