యూనివర్సిటీ అడవికి కాగితం ఏది?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి అడవి మాట ఎత్తితే చాలు, ఇప్పటికీ అదే వాదన. "ఆ 400 ఎకరాలు ప్రభుత్వానివే కదా, సుప్రీంకోర్టే తేల్చింది కదా, ఇంక యూనివర్సిటీకి ఏం సంబంధం?" అలా అడిగేవాళ్లలో చాలామంది నిజంగానే అయోమయంలో ఉన్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదువుకుని, ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మనిషిని కాబట్టి ఈ విషయంలో ఊరుకోలేను. పోస్ట్ కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత రెండు ప్రాంతాల గొడవ సర్దడానికి 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టాలన్నది అందులో ఒక సూత్రం. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. గచ్చిబౌలి వైపు దాదాపు 2,300 ఎకరాలు యూనివర్సిటీకి చూపించారు. చూపించారు, అంతే. రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి యూనివర్సిటీ పేరు మీదకు మారలేదు. ఆ తర్వాత దాన్లోంచే స్టేడియానికి కొంత, ట్రిపుల్ ఐటీకి కొంత, టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థకు కొంత వెళ్లింది. 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే క్రీడల కంపెనీకి రాసిచ్చారు. 2006లో వైఎస్ ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది, 2024లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అంటే ఆ కేసు నడిచింది కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య. దాన్ని చూపించి "అక్కడ అడవే లేదు" అనడం ఎలా కుదురుతుంది? భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ భూమి మీద ఏముందన్నది వేరే ప్రశ్న.

2025 మార్చి 30న, ఉగాది పండగ రోజు, ఆ 400 ఎకరాలు చదును చేయడానికి పోలీసుల కాపలాలో జేసీబీలు దిగాయి. అడ్డుకున్న పిల్లల్ని ఈడ్చుకెళ్లి వ్యానుల్లో ఎక్కించారు. రాత్రిళ్లు కూడా లైట్లు పెట్టుకుని చెట్లు కొట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని ఆపించేసరికి, కోర్టు లెక్క ప్రకారమే దాదాపు 100 ఎకరాలు నేలమట్టం. అక్కడ పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ రాక్ అనే బండను మాత్రం కాపాడతామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. చుట్టూ అద్దాల టవర్లు లేపి, మధ్యలో ఆ బండను ఒంటరిగా నిలబెట్టి, దాన్ని కాపాడటం అంటారా? ఆ నేలలో బండలు, వాటి సందుల్లో పెరిగే తుప్పలు, పల్లంలో నిలిచే నీళ్లు, ఆ నీళ్ల కోసం వచ్చే జింకలు అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. ఒక్క ముక్క ఉంచి మిగతాది చదును చేస్తే ఆ ముక్కా బతకదు.

ఆ వారంలో నన్ను బాగా కదిలించిన విషయం ఇంకొకటి ఉంది. సోషల్ మీడియా నిండా బుల్డోజర్ల ముందు పరిగెత్తే జింకలు, నెమళ్ల బొమ్మలు. వాటిలో కొన్ని ఏఐతో చేసినవి. ప్రభుత్వం వాటినే పట్టుకుంది. ఇదంతా తప్పుడు ప్రచారమంది, కేసులు పెట్టింది. అప్పుడు నిలబడినవేంటో తెలుసా? ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి, బైనాక్యులర్లు మెడలో వేసుకుని, తేదీలతో సహా విద్యార్థులు రాసుకున్న పక్షుల జాబితాలు. రెండు వందలకు పైగా జాతులు. హైదరాబాద్ పేరే పెట్టుకున్న మురీషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు గురించి అచ్చైన పరిశోధన పత్రం. వాటిని ఎవరూ ఏఐ అని కొట్టిపారేయలేకపోయారు. ఏ పదవీ, ఏ గ్రాంటూ ఆశించకుండా రాసిపెట్టిన ఆ పిల్లలకు నేను చేతులెత్తి దండం పెడతాను.

నా దృష్టిలో యూనివర్సిటీలో పర్యావరణ పరిరక్షణ అంటే మొదటి పని ఇదే. తన దగ్గర ఏముందో తెలుసుకోవడం, దాన్ని రాసిపెట్టడం, ప్రభుత్వం కాదనలేని చోట రాయించడం. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, రికార్డుల్లో అడవి అని లేకపోయినా, యజమాని ఎవరైనా, చూడటానికి అడవిలా ఉంటే అడవి కిందే లెక్క. అలాంటి చోట్లను రాష్ట్రాలు గుర్తించాలని కూడా చెప్పింది. కంచ గచ్చిబౌలిలో ఆ పని ఏళ్లకేళ్లు ఎవరూ చేయలేదు. ప్రభుత్వం ఎందుకు చేయలేదో ఊహించుకోవచ్చు, ఆ నేల ఎకరం ధర అందరికీ తెలిసిందే. మరి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భూవిజ్ఞానం చదివిన ఇంతమంది ఆచార్యులున్న యూనివర్సిటీ తనే ఒక నివేదిక తయారుచేసి ఏటా అటవీ శాఖ బల్ల మీద ఎందుకు పెట్టలేదు? రిజిస్ట్రార్లు, వీసీలు ఇంతమంది మారారు, మ్యుటేషన్ కోసం, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పించడం కోసం, ఎవరు గట్టిగా పోరాడారు? విద్యార్థులు లాఠీలు తినాల్సి వచ్చిందంటే, అంతకుముందు పెద్దవాళ్లు ఆఫీసులో చేయాల్సిన పని చేయలేదనే అర్థం.

ఇంక మన కాలేజీల సంగతి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ టీమ్ వస్తుందంటే నెల ముందు నుంచి హడావుడి. గ్రీన్ ఆడిట్ రిపోర్టు కావాలి, ఇంకుడు గుంత ఫోటో కావాలి, అదీ జియోట్యాగ్‌తో. నేను చూసిన ఒక కాలేజీలో ఇంకుడు గుంత తవ్వి, ఫోటో తీసి, బోర్డు పెట్టారు. వాన నీళ్లు మాత్రం ఆ వైపుకే రావు, వాలు అటు లేదు. రిపోర్టులో మాత్రం అంతా పచ్చగా ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో డిగ్రీలో తప్పనిసరి చేసిన పర్యావరణ విద్య పేపర్ ఉంది కదా, దాన్ని పిల్లలు పరీక్ష ముందు రోజు గైడ్ చూసి పాసవుతారు. తప్పు వాళ్లది కాదు. ఓజోన్ పొర గురించి ఐదు మార్కుల జవాబు రాయమంటాం. హాస్టల్ బోరు ఎన్ని అడుగుల లోతుకు పోయిందో, వేసవిలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో, మెస్‌లో మిగిలిన అన్నం ఎక్కడికి పోతుందో ఒక్కరినీ కనుక్కుని రమ్మనం. ఆ లెక్కలు తీసి గోడ మీద అంటిస్తే అంతకు మించిన పాఠం ఏముంటుంది? కాకపోతే ఆ లెక్కలు బయటికొస్తే యాజమాన్యానికి టెన్షన్. అందుకే మొక్క నాటుతూ ఒక గ్రూప్ ఫోటోతో సరిపెడతారు.

ఇది ఒక్క సెంట్రల్ యూనివర్సిటీ బాధ అనుకోకండి. ఉస్మానియా భూముల ఆక్రమణల గొడవ ఎన్నేళ్లుగా నడుస్తోందో మీకు తెలుసు. 2024 జనవరిలో రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ భూమిలో 100 ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయించారు. అక్కడి విద్యార్థులు రోడ్డెక్కి ఏడ్చినంత పని చేశారు. వాళ్ల వెనక కంచ గచ్చిబౌలికి కదిలినట్టు దేశం కదల్లేదు. న్యాయస్థానానికి మంచి భవనం అవసరమే, ఎవరు కాదంటారు? కానీ ఖాళీ స్థలం కావాల్సి వచ్చినప్పుడల్లా అందరి చూపు యూనివర్సిటీ మీదే పడుతోంది, ఎందుకంటే అక్కడ చెట్లున్న నేల ఇప్పటికీ రికార్డుల్లో ఉత్త ఖాళీ స్థలమే.

అందుకే మీరు ఏ యూనివర్సిటీలో, ఏ కాలేజీలో ఉన్నా ఒక పని చేయండి. క్యాంపస్ సర్వే నంబర్లు కనుక్కోండి. ఆ భూమి ఎవరి పేరు మీద ఉంది, అందులో చెరువులు, కుంటలు ఎన్ని ఉన్నాయి, పోయిన ఐదేళ్లలో ఎన్ని చెట్లు కొట్టారు, ఎవరి అనుమతితో కొట్టారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పక్షులు చూసే స్నేహితులుంటే వాళ్ల నోటు పుస్తకాలు స్కాన్ చేసి లైబ్రరీకి ఇప్పించండి. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే మెసేజ్ చేయండి, నేను రాసిపెడతాను.