హైబ్రిడ్ ఎస్‌యూవీలో సూపర్‌చార్జర్‌కు ఏం పని?

డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాల్లో మూడు వరుసల సీట్లున్న పాత హైబ్రిడ్ ఎస్‌యూవీ కొనుక్కోవాలనే ఆలోచన ఈమధ్య బాగా పెరిగింది. పిల్లలు, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలు, విమానాశ్రయం సామాను, అన్నీ ఒకే బండిలో పట్టాలి, పెట్రోలు ఖర్చు మాత్రం తగ్గాలి. అలా వెతికేవారికి నిస్సాన్ వారి ఇన్ఫినిటీ క్యూఎక్స్60 హైబ్రిడ్, వోల్వో ఎక్స్‌సీ90 టీ8 ఊరించే ధరల్లో కనిపిస్తున్నాయి. "నాలుగు సిలిండర్లే కదన్నా, పైగా హైబ్రిడ్ కూడాను, మైలేజీకి ఢోకా ఉండదు కదా" అని అడిగేవారికి విడివిడిగా చెప్పే బదులు నా అభిప్రాయాన్ని ఇక్కడే వివరంగా రాస్తున్నాను. ఈ రెండు బండ్లలోలా హైబ్రిడ్ ఎస్‌యూవీలో నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు సూపర్‌చార్జర్ తగిలించడం మైలేజీకి గానీ మన్నికకు గానీ మేలు చేసే ఏర్పాటు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సూపర్‌చార్జర్ గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెడుతుంది. టర్బో అయితే పొగగొట్టం గుండా ఎలాగూ వృథాగా పోయే వాయువుల శక్తితో తిరుగుతుంది, సూపర్‌చార్జర్ మాత్రం బెల్టు ద్వారా ఇంజన్ తిప్పే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ శక్తినే తీసుకుని తిరుగుతుంది. ఇంజన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు టర్బోకు చాలినంత వాయువు అందదు కాబట్టి, బండి కదిలే తొలి క్షణాల్లోని ఆ కొరతను తీర్చడం సూపర్‌చార్జర్ పని. సరిగ్గా ఆ పనినే విద్యుత్ మోటారు ఇంకా బాగా చేస్తుంది, ఎందుకంటే అది కదలకుండా ఉన్న స్థితి నుంచే తన పూర్తి టార్క్, అంటే తిప్పే బలం ఇవ్వగలదు. మోటారు బిగించిన బావి పక్కన ఏతం కూడా నిలబెట్టినట్టు, ఒకే కొరతకు రెండు ఉపాయాలు ఒకే బండిలో చేరాయి.

నిస్సాన్ 2014లో పాత్‌ఫైండర్ హైబ్రిడ్ తెచ్చినప్పుడు 3.5 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల ఇంజన్) తీసేసి, 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు సూపర్‌చార్జర్ జతచేసి, దానికి తోడుగా కేవలం 15 కిలోవాట్ల మోటారు పెట్టింది. అంటే సుమారు 20 హార్స్‌పవర్. రెండు టన్నుల బండికి అంత చిన్న మోటారు ఆసరా ఏపాటిది? అందుకే భారమంతా సూపర్‌చార్జర్ మీద పడింది. మొత్తం శక్తి 250 హార్స్‌పవర్, వీ6కు 260. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల్లో టూ వీల్ డ్రైవ్ వీ6 మైలేజీ గాలనుకు 22 మైళ్లయితే హైబ్రిడ్‌ది 26. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే కుటుంబానికి ఈ తేడా వల్ల మిగిలేది దాదాపు 84 గాలన్లు. గాలను మూడున్నర డాలర్లు అనుకుంటే ఏడాదికి 300 డాలర్లు కూడా దాటదు, కొత్త బండి కొన్న రోజు హైబ్రిడ్‌కు అదనంగా కట్టాల్సిందేమో దాదాపు 3,000 డాలర్లు. పాత్‌ఫైండర్ హైబ్రిడ్ అమెరికాలో ఆ ఒక్క మోడల్ ఏడాదితోనే ఆగిపోయింది, ఆ యంత్రాంగమే క్యూఎక్స్60లో మరికొన్నేళ్లు కొనసాగింది.

నాకు అంతకంటే ఎక్కువ విషయం చెప్పే పోలిక మరొకటి ఉంది. అదే 2014లో టయోటా హైలాండర్ హైబ్రిడ్ 3.5 లీటర్ల వీ6తో, నాలుగు చక్రాల డ్రైవ్‌తో, 280 హార్స్‌పవర్‌తో 28 మైళ్లు ఇచ్చింది. సూపర్‌చార్జర్ లేని పెద్ద ఇంజన్ సూపర్‌చార్జర్ ఉన్న చిన్న ఇంజన్ కంటే శక్తిలోనూ మైలేజీలోనూ ముందుంది. తేడా సిలిండర్ల లెక్కలో కాదు, మోటార్ల సత్తాలో ఉంది. 2020లో టయోటా ఆ వీ6ను కూడా వదిలేసి 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు మారినప్పుడు సూపర్‌చార్జరూ పెట్టలేదు, టర్బో కూడా పెట్టలేదు, అయినా టూ వీల్ డ్రైవ్ బండి 36 మైళ్లకు చేరింది. అక్కడ కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు కుదిస్తుందో ఆ లెక్క, 14. గాలిని ముందే ఒత్తి లోపలికి పంపే ఇంజన్లలో ఇంధనం అకాలంగా పేలకుండా ఈ నిష్పత్తిని 10 దరిదాపుల్లో ఉంచాల్సి వస్తుంది, దాంతో తేలిగ్గా నడిపే వేళల్లో కూడా ప్రతి చుక్క నుంచి రాబట్టగలిగే శక్తి తగ్గుతుంది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకోగలిగే హైబ్రిడ్ అయిన వోల్వో టీ8 నిస్సాన్ కంటే ఎంతో తెలివైన నిర్మాణమని ఒప్పుకోవాలి. 2 లీటర్ల ఇంజన్ మీద సూపర్‌చార్జర్, టర్బో రెండూ ఉంటాయి. ఇంజన్ నిమిషానికి దాదాపు 3,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే వరకు సూపర్‌చార్జర్ సాయపడి, ఆపైన క్లచ్ దాన్ని విడదీస్తే టర్బో పని అందుకుంటుంది. వెనుక చక్రాలను 65 కిలోవాట్ల మోటారు తిప్పుతుంది, మొత్తం శక్తి 400 హార్స్‌పవర్. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ బండి నిజంగా ముచ్చటేస్తుంది. అయితే తొలి మోడల్‌లో ఆ బ్యాటరీ 9.2 కిలోవాట్ అవర్లే, ఈపీఏ లెక్క ప్రకారం విద్యుత్‌తో నడిచేది 14 మైళ్లే. ఆ తర్వాత దాదాపు 2,300 కిలోల బరువును ఆ చిన్న ఇంజనే లాగాలి, అప్పటి మైలేజీ గాలనుకు 25 మైళ్లు. యూరప్ పాత పరీక్షలో ఇదే బండికి వచ్చిన అంకె 100 కిలోమీటర్లకు 2.1 లీటర్లు. 25 మైళ్లంటే 100 కిలోమీటర్లకు 9.4 లీటర్లన్నమాట. ప్లగ్ పెట్టి చార్జ్ చేయకుండానే వాడే కొనుగోలుదారుడికి ఆ 2.1 అంకె చూపించి బండి అమ్మడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు.

ఇక మన్నిక విషయం. సూపర్‌చార్జర్ స్వతహాగా పెంకి భాగం కాదు. టర్బోలా ఎర్రగా కాలే పొగ వాయువుల మధ్య అది పనిచేయదు, దాని గేర్లు తమ సొంత నూనెలో తిరుగుతాయి. నా భయం అది ఒక్కటే పాడవుతుందని కాదు, దాని చుట్టూ చేరిన జనాభా గురించి. టీ8 బానెట్ తెరిచి చూస్తే చెయ్యి దూర్చడానికి చోటు ఉండదు. సూపర్‌చార్జర్, దాని బెల్టు, క్లచ్, టర్బో, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఇంజన్‌కూ ఎనిమిది గేర్ల పెట్టెకూ మధ్య స్టార్టర్ జనరేటర్, హైవోల్టేజ్ తీగలు, వాటన్నిటికీ వేర్వేరు కూలింగ్ గొట్టాలు. ఇందులో ఏ చిన్న సీలు కారినా దాన్ని చేరుకోవడానికే మెకానిక్ గంటలు గంటలు విప్పాలి, మనం కట్టేదాంట్లో ఎక్కువ భాగం ఆ విప్పదీత కూలీయే. నిస్సాన్ హైబ్రిడ్‌కు ఇలాంటి ఇరుకు తక్కువే అయినా దానికి సీవీటీ, అంటే అంచెలంచెల గేర్లు లేకుండా నిష్పత్తిని నిరంతరం మార్చే గేర్‌బాక్స్ ఉంది. ఆ కాలపు పాత్‌ఫైండర్ సీవీటీల మీద ఇక్కడ కోర్టు దావాలే నడిచాయి.

హైబ్రిడ్ నడిచే తీరు కూడా ఇలాంటి ఇంజన్‌కు అనుకూలం కాదు. మామూలు బండిలో ఇంజన్ వీధి దాటేసరికే వేడెక్కడం మొదలవుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో పది మైళ్లు మోటారు మీద సాగి, హైవే ఎక్కే ర్యాంపు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన క్షణాన, చల్లగా నిద్రపోతున్న ఇంజన్ ఒక్కసారిగా లేచి పూర్తి ఒత్తిడితో పనిచేయాలి. నూనె ఇంకా పలుచబడదు, సిలిండర్ గోడలు వేడెక్కవు, నేరుగా చిమ్మిన పెట్రోలులో కొంత ఆవిరి కాకుండా నూనెలోకి దిగుతుంది. సూపర్‌చార్జర్ లేని అట్కిన్సన్ ఇంజన్‌కూ (టయోటా హైబ్రిడ్లలో ఉండే, మైలేజీ కోసం తీర్చిదిద్దిన రకం) ఈ ఇబ్బంది ఉంది గానీ, దాని మీద పడే ఒత్తిడి చాలా తక్కువ. అందుకే బండి తెర మీద వచ్చే గుర్తుచేసే సందేశం కోసం ఎదురుచూడకుండా నూనెను కంపెనీ చెప్పిన గడువులో సగానికే మార్చాలని టీ8 ఉన్నవారందరికీ నేను చెబుతాను.

కంపెనీ ఆలోచన ఎటు మళ్లిందో వోల్వో వేసిన తర్వాతి అడుగులోనే కనిపిస్తుంది. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ (ఇంజన్‌కు మోటారు కొద్దిపాటి సాయమే చేసే రకం) బీ6లో బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్‌కు బదులు విద్యుత్‌తో తిరిగేది పెట్టారు. బండిలో ఎలాగూ బ్యాటరీ ఉన్నప్పుడు క్రాంక్‌షాఫ్ట్‌కు బెల్టు ఎందుకనే ప్రశ్న వాళ్లకూ తట్టి ఉంటుందనే నేను అనుకుంటున్నాను.

హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న బంధువులు కూడా ఇదే అడుగుతున్నారు. టీ8 మన దేశంలోకి 2016లో కోటీ పాతిక లక్షల ధరతో వచ్చింది, 2019 నుంచి దాని భాగాలను బెంగళూరు దగ్గర బిగించి తయారుచేశారు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికే ధర చూసి మనసు పారేసుకునే ముందు, మే నెలలో నగరం ట్రాఫిక్‌లో గంటసేపు ఆగుతూ కదులుతూ ఏసీ వేసుకుని నడపండి. ఒత్తిన గాలి అసలే వేడి, దాన్ని చల్లార్చాల్సిన బయటి గాలి 44 డిగ్రీలుంటే ఇంజన్ కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గిస్తుంది. అంత డబ్బు పెట్టకుండా కుటుంబమంతా పట్టే హైబ్రిడ్ కావాలంటే ఇన్నోవా హైక్రాస్ ఉంది. 2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, సూపర్‌చార్జర్ లేదు, కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 23.24 కిలోమీటర్లు.

ఇంత చదివినా టీ8 మీదే మనసు ఉంటే, ఇంట్లో చార్జింగ్ సౌకర్యం ఉండి రోజువారీ తిరుగుడు ఆ 14 మైళ్ల లోపే ఉన్నవారు మాత్రమే ముందుకు వెళ్లండి. చూడటానికి వెళ్లే ముందు రోజు రాత్రంతా బండిని ఆపి ఉంచమని యజమానిని అడిగి, చల్లటి ఇంజన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించండి. నూనె మట్టాన్ని తెర మీద చూడండి, విద్యుత్‌తో నడిచే ప్యూర్ మోడ్‌లో వెనుక మోటారు ఒక్కటే బండిని లాగుతోందో లేదో నడిపి చూడండి. నూనె మార్చిన ప్రతిసారి బిల్లు అడగండి, మధ్యలో ఒక్క ఏడాది బిల్లు కనిపించకపోయినా బేరం అక్కడే ఆపేయండి.