అసలు దెబ్బ మెడికెయిడ్ మీద పడింది

2012లో అమెరికా సుప్రీంకోర్టు ఒబామాకేర్‌ను (ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని) పూర్తిగా సమర్థించిందని మీ వ్యాసంలో రాశారు, అది సగమే నిజమండీ. బీమా కొననివాళ్లకి వేసే జరిమానా వాణిజ్యాన్ని నియంత్రించడానికి పార్లమెంటుకున్న (అక్కడి కాంగ్రెస్‌కున్న) అధికారం కింద కుదరదు గానీ పన్నుగా అయితే చెల్లుతుందన్నారు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, అలా 5-4 మెజారిటీతో చట్టం గట్టెక్కింది. అదే తీర్పులో పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను మరింతమంది పేదలకు విస్తరించడాన్ని మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు!

మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న టెక్సాస్ దాన్ని విస్తరించలేదు. అక్కడ పిల్లలు లేని, వైకల్యం లేని, 65 ఏళ్లు నిండని మనిషికి ఎంత పేదరికమున్నా మామూలుగా మెడికెయిడ్ రాదు. ఆదాయం దారిద్ర్యరేఖ కంటే తక్కువైతే బీమా ప్రీమియం మీద సబ్సిడీ కూడా రాదు, ఎందుకంటే అలాంటివాళ్లందరికీ మెడికెయిడ్ ఉంటుందనుకునే చట్టం రాశారు. కాస్త ఎక్కువ సంపాదించేవాడికి సాయం అందుతుంది, ఏమీ లేనివాడికి అందదు. ఇదెక్కడి న్యాయం?

ఖర్చు భరించలేమనే వాదన నాకు మింగుడుపడదు. విస్తరణ ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వమే ఇస్తుంది. బీమా లేని మనిషి జబ్బు ముదిరాక ఎమర్జెన్సీకి వెళ్తాడు, 1986 చట్టం ప్రకారం డబ్బు లేదని అక్కడ పంపించేయడానికి లేదు, ఆ బిల్లు చివరికి ఎవరో ఒకరి నెత్తిన పడాల్సిందే. బీమా కొననివాళ్లకి వేసే ఆ జరిమానా ఎలాగూ 2019 నుంచి సున్నా అయింది, ఇక మాట్లాడుకోవాల్సింది మెడికెయిడ్ గురించే. దయచేసి ఈ మెడికెయిడ్ సంగతి మీద కూడా వివరంగా రాయండి.