ఓటు ఇంటి పెద్ద సొత్తు కాదు

మహిళలకు విడిగా ఓటు అక్కర్లేదని అమెరికాలో ఏ మారుమూల చర్చిలోనో ఒక పాదిరి అన్న మాటే అయితే ఈ స్థలాన్ని దానికి కేటాయించేవాళ్లం కాదు. 2025 ఆగస్టులో ఆ మాటలున్న వార్తాకథనాన్ని సామాజిక మాధ్యమంలో మెచ్చుకోలుగా పంచుకున్నది సాక్షాత్తూ ఆ దేశ రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్. ఓటు కుటుంబానికి ఉండాలని, ఇంట్లో వాళ్లతో మాట్లాడాక మామూలుగా తానే ఆ ఓటు వేస్తానని ఒక పాదిరి అందులో చెప్పారు. మహిళలకు ఓటిచ్చిన 19వ రాజ్యాంగ సవరణను రద్దు చేస్తామంటే సమర్థిస్తానని ఇంకొకరు అన్నారు. ఆ సవరణ 1920 ఆగస్టు 26న అమల్లోకి వచ్చింది.

మంత్రి మహిళల ఓటు హక్కుకు వ్యతిరేకి కారని ఆయన శాఖ వివరణ ఇచ్చింది. ఎవరి మత విశ్వాసం వారిదని సర్దిచెప్పేవారూ ఉన్నారు. విశ్వాసం వారి ఇష్టం. కానీ వేలాది మహిళలున్న సైన్యానికి ఆదేశాలిచ్చే మంత్రి, ఆ మహిళల ఓటునే ప్రశ్నించే మాటలకు ప్రచారం కల్పించడం ఏ స్వేచ్ఛ కిందికీ రాదు. మా భయం ఒక్కటే. ఒకసారి దక్కిన హక్కును మళ్లీ బేరానికి పెట్టవచ్చని ఒప్పుకుంటే ఆ బేరం ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

అంత దూరం పోదులే అనుకునేవారు అమెరికా చరిత్రనే తిరగేయాలి. న్యూజెర్సీలో 1776 నుంచి ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీలు, వితంతువులు ఓటేశారు. 1807లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసి ఆ హక్కును లాగేసుకుంది. అది తిరిగి రావడానికి 113 ఏళ్లు పట్టింది. యూటాలో 1870లో మహిళలకు ఓటు వచ్చింది, 1887లో అమెరికా కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది, 1896లో మళ్లీ దక్కింది. 1920 సవరణ తర్వాత కూడా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మహిళలను ఓటు పన్నుతో, అక్షరాస్యత పరీక్షలతో, బెదిరింపులతో పోలింగ్ గది దాకా రానివ్వలేదు. వారికి గట్టి చట్టరక్షణ 1965లో గానీ రాలేదు. ఇచ్చిన చేతులే వెనక్కి తీసుకున్న దేశంలో ‘ఊరికే అన్నారులే’ అని ఊరుకోవడం కుదరదు.

‘ఇంటికి ఒక ఓటు’ కొత్త ఆలోచనేమీ కాదు. పెళ్లితో స్త్రీ వ్యక్తిత్వం భర్తలో కలిసిపోతుందని చెప్పిన పాత ఇంగ్లిష్ న్యాయసూత్రమే మళ్లీ లేచి వచ్చింది. తొలితరం ఉద్యమకారిణులు పోరాడింది సరిగ్గా దీనితోనే. 1848 జులైలో సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల సభలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఓటు తీర్మానం పెట్టినప్పుడు సొంత వాళ్లలోనే చాలామంది జంకారు. తీర్మానాలన్నిటిలో ఏకగ్రీవం కానిది అదొక్కటే. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా మాట్లాడాకే అది నెగ్గింది. తన తరఫున యజమాని నిర్ణయిస్తాడనే మాటకు అర్థమేమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఓటు ఉద్యమకారిణి సుసాన్ బి. ఆంథొనీ 1872లో రోచెస్టర్‌లో ఓటేసి అరెస్టయ్యారు. విచారణలో ఆమెను సాక్ష్యం చెప్పనివ్వలేదు. జ్యూరీ తేల్చాల్సిన దాన్ని జడ్జి తానే తేల్చి, దోషి అని తీర్పు రాయమని జ్యూరీని ఆదేశించారు. 100 డాలర్ల జరిమానా వేస్తే ఆమె చివరిదాకా కట్టలేదు. వర్జీనియా మైనర్ సంగతి ఇంకా ఘోరం. ఓటు నమోదుకు నిరాకరించిన అధికారిపై దావా వేయాలన్నా పెళ్లయిన స్త్రీకి ఒంటరిగా ఆ హక్కు లేదు. భర్తతో కలిసి వేయాల్సి వచ్చింది. పౌరురాలివే గానీ పౌరసత్వం ఓటు హక్కును ఇవ్వదని 1875లో అమెరికా సుప్రీంకోర్టు ఆమెకు చెప్పింది. ఇంటి పెద్ద ఓటు అంటే ఆచరణలో ఇదీ. అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి కూడా ఇంకొకరి సంతకం కావాలి.

ఇంట్లో చర్చించాకే ఓటేస్తాం అంటున్నారు కదా అని కొందరు అమాయకంగా అడుగుతారు. చర్చలో భార్య మాట నెగ్గకపోతే ఆమెకున్న దారేమిటి? ఆమె మీద చెయ్యి చేసుకునే భర్త అయితే? 1867లో బ్రిటిష్ పార్లమెంటులో తత్వవేత్త, సభ్యుడు జాన్ స్టువర్ట్ మిల్ ఇదే అడిగారు. స్త్రీలకు మగవాళ్ల రక్షణ ఉండగా ఓటెందుకని వాదించిన సభలో, ఆ రక్షకుల చేతుల్లోనే ఏటా ఎందరు స్త్రీలు దెబ్బలు తిని చనిపోతున్నారో లెక్కలు తెప్పించి చూపండని ఆయన అన్నారు. స్త్రీలకూ ఓటు దక్కాలని ఆయన పెట్టిన సవరణ 73-196 ఓట్లతో ఓడిపోయింది. ఆ ప్రశ్నకు మాత్రం ఈ రోజుకీ జవాబు రాలేదు.

ఆ కాలపు వాదనలన్నీ మాకు నచ్చుతాయని కాదు. ఇల్లు చక్కదిద్దే స్త్రీలు రాజకీయాలనూ శుభ్రం చేస్తారని చాలామంది ప్రచారం చేశారు. అప్పటికి అది పనికొచ్చింది. కానీ హక్కును సుగుణానికి బహుమతిగా చూపితే, సుగుణం చాల్లేదని రేపు వెనక్కి తీసుకోవచ్చు. 1892లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు 76 ఏళ్ల స్టాంటన్ చెప్పిందే గట్టి వాదన. పుట్టుకలో, చావులో, కష్టంలో ప్రతి మనిషీ ఒంటరే. తన బతుకు భారం తానే మోయాల్సిన మనిషికి ఆ బతుకును శాసించే చట్టాలపై సొంత మాట ఉండి తీరాలి. దీనికి మించి వేరే అర్హత అక్కర్లేదు.

మన దగ్గర కథ వేరేగా ఏమీ నడవలేదు. 1917 డిసెంబర్‌లో మద్రాసులో, హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళలు బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటెగును కలిసి ఓటు అడిగారు. ఓటు ఎవరికివ్వాలో తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ ఇప్పుడే వద్దంది. 1921లో మద్రాసు శాసనసభ దారి తెరిచినా ఆస్తి ఉన్న కొద్దిమందికే దక్కింది. 1935 చట్టం భర్త ఆస్తిని చూసి భార్యకు ఓటిచ్చింది. తొలి సార్వత్రిక ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షల మంది మహిళలు తమ పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యగా, ఫలానా వారి తల్లిగా నమోదయ్యారు. సొంత పేరు లేని వారిని జాబితాలో ఉంచేది లేదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తేల్చిచెప్పారు. కఠినమైన నిర్ణయమే. కానీ భర్త నీడకు ఓటు ఉండదని ఈ గణతంత్రం మొదట్లోనే ప్రకటించింది.

మరి ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా మహిళ పేరే రాయాలని 2013 ఆహార భద్రత చట్టం చెబుతోంది. అయినా పంచాయతీలో సర్పంచి కుర్చీ పక్కన ఆమె భర్త కూర్చుని మాట్లాడుతుంటాడు, అధికారులు ఆయన్నే ‘సర్పంచి గారూ’ అని పిలుస్తుంటారు. ఆమె సంతకానికే పరిమితం. దీన్ని చూసీ చూడనట్టు వదిలేసే పార్టీలకు అమెరికా పాదిరులను తప్పుపట్టే అర్హత లేదు. వారు కోరుతున్నది చట్టంలో, మనం సాగిస్తున్నది ఆచరణలో. అక్కడ పౌరసత్వం తీసుకుని ఓటేస్తున్న తెలుగు మహిళలున్నారు. వారి ఓటుకు ముప్పని ఇక్కడ గగ్గోలు పెట్టే నాయకులు ముందు తమ మండలాల్లో భార్యల కుర్చీలు ఆక్రమించిన భర్తలను లేపాలి. లేపలేమంటే టికెట్ ఇచ్చేటప్పుడు మహిళా సాధికారత అనే మాట ఎత్తకండి.