నెలరోజుల్లో మర్చిపోయేది కాదు
తుఫాను వెళ్లిన నెలకే పిల్లలు మామూలైపోతారని ఎవరో రాశారు, నేను ఒప్పుకోను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం మీద పడినప్పుడు మా చెల్లి కొడుక్కి ఆరేళ్లు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే పెళపెళా విరిగిపడుతుంటే వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది, తగ్గడానికి ఏడాది పట్టింది. తిట్టాం కూడా, పాపం. అది భయం వల్లేనని మాకు తెలీదు. పడిపోయిన చెట్లు లెక్క రాసుకోవడానికి మనుషులొచ్చారు గానీ, పిల్లలు రాత్రి నిద్రపోతున్నారా అని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. అక్టోబర్లో గాలి కాస్త హోరుమంటే చాలు, పుస్తకాలన్నీ పాలిథిన్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టి, చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటాడు.