తొలి కచేరీ తర్వాత ఏమవుతుంది?

శాన్ ఫ్రాన్సిస్కో కేంద్రంగా పనిచేసే క్రోనోస్ క్వార్టెట్ గురించి రాసేవారందరూ, ఆ బృందం తన కోసం వెయ్యికి పైగా కొత్త రచనలను, స్వరసంకలనాలను రాయించుకుందని ముందుగా చెబుతారు. రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో మాత్రమే ఉన్న బృందానికి అది అసాధారణమైన సంఖ్యే. అయితే రాయించుకున్న రచనను తొలి కచేరీ తర్వాత ఇంకెవరు వాయిస్తారన్న ప్రశ్న ఆ సంఖ్య కన్నా ముఖ్యమైనది.

అమెరికన్ స్వరకర్త జార్జ్ క్రంబ్ 1970లో వియత్నాం యుద్ధం నీడలో రాసిన ‘బ్లాక్ ఏంజెల్స్’ను రేడియోలో విని, వయోలిన్ వాదకుడు డేవిడ్ హారింగ్టన్ 1973లో సియాటిల్‌లో ఈ బృందాన్ని నెలకొల్పారు. ఆ రచనలో వాదకులు నీళ్లు పోసిన గాజు గ్లాసుల అంచుల మీద కమాను లాగుతారు, గాంగ్‌లు మోగిస్తారు, వేర్వేరు భాషల్లో అంకెలను ఉచ్చరిస్తారు. అలాంటి సంగీతం కావాలంటే ఎవరో ఒకరు అడిగి రాయించుకోక తప్పదని హారింగ్టన్ గ్రహించారు. తొలి రచన చేసిన కెన్ బెన్‌షూఫ్‌కు ముట్టిన ప్రతిఫలం ఒక సంచెడు డోనట్లేనట. ఏ సంస్థకైనా ఇంతకన్నా చవకైన ప్రారంభం ఉంటుందా!

ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో స్వరకర్త స్టీవ్ రైక్ 1988లో క్రోనోస్ కోసం రాసిన ‘డిఫరెంట్ ట్రైన్స్’లో స్పష్టంగా వినబడుతుంది. తనను చిన్నప్పుడు పెంచిన ఆయా, ఒక రైలు ఉద్యోగి, యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడినవారు చెప్పిన మాటలను రైక్ టేపు మీద పేర్చి, స్త్రీల పలుకులోని ఎత్తుపల్లాలను వయోలాకు, పురుషుల పలుకును చెల్లోకు అప్పగించారు. చాలాచోట్ల తీగ ముందు, అది అనుకరించే మాట వెంట వినబడుతూ ఉంటే, సాక్ష్యం సంగీతంగా మారే క్షణాన్ని శ్రోత స్వయంగా పట్టుకోగలుగుతాడు. ఇతర బృందాలూ అందుకుని వాయిస్తున్నాయి కనుక ఈ రచన బతికింది.

స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ రెండో క్వార్టెట్ (ఇక్కడ క్వార్టెట్ అంటే ఇలాంటి నలుగురి బృందం కోసం రాసిన రచన) కథ వేరు. 1983లో క్రోనోస్ కోసమే రాసిన ఈ రచన పూర్తి నిడివి సుమారు ఆరు గంటలు. దాన్ని 1996లో న్యూయార్క్‌లో సంపూర్ణంగా వాయించాలని తలపెట్టిన క్రోనోస్, అంతసేపు శరీరం ఓర్చుకోలేదన్న కారణంతో విరమించుకుంది. 1999లో అదే నగరంలో యువకుల బృందమైన ఫ్లక్స్ క్వార్టెట్ దాన్ని సాధించింది. రాయించుకున్నవారే రచనకు ఉత్తమ వాదకులు కానక్కరలేదు.

అందుకే 2015లో ప్రారంభించిన ‘ఫిఫ్టీ ఫర్ ద ఫ్యూచర్’ ప్రాజెక్టును క్రోనోస్ చేసిన పనులన్నిటిలోకీ దూరదృష్టి గలదిగా భావిస్తున్నాను. స్త్రీ పురుషులకు సమాన స్థానమిచ్చి యాభై రచనలు రాయించి, వాటి స్వరపత్రాలను ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచారు. జాకీర్ హుస్సేన్ ‘పల్లవి’ కూడా వాటిలో ఉంది. రచయితలకు పారితోషికం ముందే అందుతుంది కాబట్టి ఈ ఉచితం వారి కడుపు కొట్టదు. కాకపోతే, విద్యార్థులను, కొత్తగా వృత్తిలోకి వచ్చినవారిని దృష్టిలో పెట్టుకున్న ఈ యాభైలో ఫెల్డ్‌మన్ క్వార్టెట్ వంటి మొండి రచనకు చోటు దొరకదు. దానికి ఇప్పటికీ నష్టానికి సిద్ధపడిన పోషకుడు, ఆరు గంటలు కూర్చోగల నలుగురు వాదకులు కావాలి.