సిస్‌అడ్మిన్ ఇస్తే 15153 ఎర్రర్ పోతుంది, సర్వర్ కూడా పోతుంది

"ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి విండోస్ కమాండ్లు నడపడానికి సేఫ్ చిట్కాలు" అన్న మెసేజ్ గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. ఫార్వర్డ్ చేసేవాళ్లలో ప్రొడక్షన్ సర్వర్లు చూసేవాళ్లూ ఉన్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అంటే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్; దాన్లోంచి విండోస్ కమాండ్లు నడిపే ప్రొసీజర్ పేరు ఎక్స్‌పీ_సీఎండీషెల్. ఒక్కో చిట్కా చూద్దాం.

"ఎక్స్‌పీ_సీఎండీషెల్‌ని వాడేముందు ఆన్ చేసి, పనయ్యాక ఆఫ్ చేయండి." ఆ సెట్టింగ్ మీ ఒక్క సెషన్‌ది కాదు, మొత్తం ఇన్‌స్టన్స్‌ది, అంటే అక్కడ నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ అంతటిదీ. రెండు జాబ్‌లు ఒకే సమయంలో నడిస్తే ముందు ముగిసింది ఆఫ్ చేసి పోతుంది, రెండోది 'ఆఫ్‌లో ఉంది' అనే 15281 ఎర్రర్‌తో ఆగిపోతుంది.

"కమాండ్ ఫెయిలైతే క్యాచ్ బ్లాక్ పట్టుకుంటుంది." పట్టుకోదు. ఎస్‌క్యూఎల్ ఎర్రర్లను పట్టే ఆ కోడ్ భాగానికి కమాండ్ ఫెయిలైనట్టు తెలియదు. సున్నా కాని రిటర్న్ కోడ్ వస్తుంది, అంతే. దాన్ని మీరే చూసుకోవాలి.

ఇక అసలు ప్రమాదం: "15153 వస్తే అప్లికేషన్ లాగిన్‌కి సిస్‌అడ్మిన్ ఇవ్వండి." సిస్‌అడ్మిన్ అంటే ఆ ఇన్‌స్టన్స్ మొత్తం మీద పూర్తి అధికారం. దయచేసి ఇవ్వకండి! సిస్‌అడ్మిన్ కాని లాగిన్ పిలిస్తే కమాండ్ ప్రాక్సీ ఖాతా (ఇలాంటి కమాండ్ల కోసం విడిగా కేటాయించిన విండోస్ ఖాతా) కింద నడవాలి. ఆ ప్రాక్సీ పెట్టలేదనో, సరిగ్గా లేదనో చెప్పడానికే 15153 వస్తుంది. సిస్‌అడ్మిన్ ఇవ్వగానే ప్రాక్సీతో పనే ఉండదు, కమాండ్ నేరుగా సర్వీస్ ఖాతా (ఎస్‌క్యూఎల్ సర్వర్ తాను నడిచే విండోస్ ఖాతా) కింద నడుస్తుంది. ఇక వెబ్ పేజీలో ఒక్క ఇంజెక్షన్ లోపం (ఇన్‌పుట్‌లో కమాండ్లు చొప్పించగలిగే లోపం) ఉన్నా ఆ ఇన్‌స్టన్స్‌లోని ప్రతి డేటాబేసూ బయటివాడి చేతిలో ఉన్నట్టే. "మాది వర్చువల్ ఖాతా, దానికేం హక్కులు ఉంటాయి" అనుకోకండి. విండోస్ తానే నిర్వహించే ఆ సర్వీస్ ఖాతాకి ఇంపర్సనేట్ ప్రివిలేజ్ (వేరే ఖాతా పేరుతో పని చేసే హక్కు) ఉంటుంది, అక్కణ్నుంచి సిస్టమ్ స్థాయికి ఎక్కే టూల్స్ ఎవరికైనా దొరుకుతాయి. 2002 మేలో స్పైడా వార్మ్ వ్యాపించింది ఎస్‌ఏ (ఎస్‌క్యూఎల్ సర్వర్ అడ్మిన్ లాగిన్) పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న చోట, ఎక్స్‌పీ_సీఎండీషెల్‌తోనే. ఇన్నేళ్ల తర్వాత అదే తలుపు మన చేత్తో మనమే తెరవాలా?

చేయాల్సింది ఇది. ఒక చిన్న విండోస్ ఖాతా సృష్టించండి, అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేర్చకండి, కావాల్సిన ఒక్క ఫోల్డర్ మీదే హక్కు ఇవ్వండి. ఎస్పీ_ఎక్స్‌పీ_సీఎండీషెల్_ప్రాక్సీ_అకౌంట్ అనే ప్రొసీజర్‌తో దాన్ని ప్రాక్సీగా నమోదు చేయండి. ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఇక్కడా మార్చాలి. మరిచిపోతే 15121 ఎర్రర్, లోపల 1326 (లాగిన్ విఫలం) కోడ్‌తో వస్తుంది. తర్వాత మాస్టర్ డేటాబేస్‌లో ఎక్స్‌పీ_సీఎండీషెల్ మీద ఎగ్జిక్యూట్ (నడిపే) హక్కు ఇవ్వచ్చు. కానీ ఆ హక్కున్నవాడు ఆ ఖాతా కింద ఏ కమాండైనా నడపగలడు, కాబట్టి అప్లికేషన్ లాగిన్‌కి అదీ ఇవ్వకపోవడమే మేలు.

"సెమికోలన్, సింగిల్ కోట్ తీసేస్తే ఇన్‌పుట్ శుభ్రం." విండోస్ షెల్‌లో కమాండ్లను విడదీసేది సెమికోలన్ కాదు, ఆంపర్‌సాండ్! పైపు, రీడైరెక్ట్ గుర్తులు, పర్సెంట్, క్యారెట్ సంగతేమిటి? జల్లెడ పట్టడం మానండి. యూజర్ నుంచి ఫైలు పేరు కాకుండా ఐడీ తీసుకోండి, అసలు పేరు టేబుల్‌లోంచి రావాలి.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం: ఆఫ్‌లో ఉంచినంత మాత్రాన రక్షణ కాదు. సిస్‌అడ్మిన్ చేజిక్కినవాడు నాలుగు లైన్లలో ఆన్ చేసుకుంటాడు. అయినా ఆఫ్‌లోనే ఉంచండి, ఎందుకంటే 0 నుంచి 1కి మారగానే ఎర్రర్ లాగ్‌లో ఒక లైను పడుతుంది. దాని మీద అలర్ట్ పెట్టుకోండి. రోజూ చేసే కాపీలు, జిప్‌ల వంటి పనులకు ఏజెంట్ (ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో షెడ్యూల్ ప్రకారం పనులు నడిపే సర్వీస్) జాబ్‌లో సీఎండీఎగ్జెక్ (విండోస్ కమాండ్ నడిపే) స్టెప్, దానికో ప్రాక్సీ చాలు. అప్లికేషన్ టేబుల్‌లో ఒక రో చేరుస్తుంది, జాబ్ నిమిషానికోసారి చూసి పని చేసిపెడుతుంది.